మిషన్‌కు జుమ్మా

లేజర్ కటింగ్ మిషన్ కొన్న కుర్రాళ్లు అప్పుడప్పుడు నన్ను వెతుక్కుంటూ వస్తారు. హుస్సేనీ ఆలంలో మా గల్లీ మొదట్లో ఉన్న పాల దుకాణం అరుగు మీద సాయంత్రాలు కూర్చుంటానని వాళ్లకు ఎవరో చెబుతారు. అందరిదీ ఒకటే ప్రశ్న. మిషన్ ఎక్కువ కాలం రావాలంటే ఏం చేయాలి సార్ అని. చల్లబరిచే నీళ్లు వేళకు మార్చమంటాను. కంప్రెసర్ నుంచి వచ్చే గాలిలో తేమా నూనే లేకుండా చూసుకోమంటాను. కటింగ్ హెడ్ లోపల లెన్సుకు అడ్డంగా ఒక రక్షణ గాజు ఉంటుంది, దాన్ని కంటిపాపలా చూసుకోమంటాను. ఇవన్నీ ఫోన్లలో రాసుకుంటారు. చివరగా, వారంలో ఒక పూట మిషన్‌ని పూర్తిగా ఆపమంటాను. అక్కడ రాసుకోవడం ఆగిపోతుంది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "ఆర్డర్లు ఉంటయి కద సార్" అంటారు.

ఆర్డర్లు ఉంటాయి. నేను పనిచేసిన షెడ్డులోనూ ఉండేవి. ఆ ఒక్క పూట ఎలా వచ్చిందో, ఎలా పోయిందో, దానితోపాటు ఎవరి పని పోయిందో చెబుతాను. మీరు ఎలాగూ రాసుకోరు కాబట్టి నేనే రాసిపెడుతున్నాను.

మాది కోస్తా. ఉద్యోగం కోసం వచ్చి ఇక్కడే ఒక ప్రభుత్వ కర్మాగారంలో మెయింటెనెన్స్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను. రోజూ డైరీ రాసే అలవాటు అక్కడే పట్టుకుంది. ఏ మిషన్‌కు ఏం చేశామో రాయకపోతే తర్వాతి షిఫ్టువాడు మన ఇంటిల్లిపాదినీ తలుచుకునేవాడు. ఉద్యోగం అయిపోయింది కానీ రాత అయిపోలేదు. ఇంట్లో ఖాళీగా ఉండలేక ఛత్రినాక అవతల ఒక షెడ్డులో చేరాను. యజమాని తాతల కాలం నుంచీ ఇనుప వ్యాపారం చేస్తున్న కుటుంబంవాడు. అందరూ సేటు అనేవారు. గేట్లకూ, కిటికీలకూ, మెట్ల రెయిలింగులకూ ఇనుప రేకుల మీద డిజైన్లు కోయడానికి ఆయన లేజర్ మిషన్ తెప్పించాడు. దాని మంచిచెడ్డలు చూడడం నా పని. దాన్ని నడపడం దబీర్‌పురా నుంచి వచ్చే ఒక ఆపరేటర్ పని.

అతను అంతకుముందు గ్యాస్ కట్టర్‌తో జాలీలు కోసేవాడు. పెళ్లై ఇద్దరు పిల్లలు. కంప్యూటర్ ముందు కూర్చోవడానికి మొదట్లో భయపడ్డాడు కానీ, రేకు మీద మంట రంగు చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పే కన్ను అతనికి ముందే ఉంది. నన్ను చాచా అనేవాడు. కొత్త మిషన్ మీద అతనికి నేను నేర్పాను, పాత పనిలోని కిటుకులు నాకు అతను నేర్పాడు. లేజర్ నేర్చుకున్న రోజు నుంచీ అతనికి ఒకటే కోరిక. పిల్లలు నాన్న ఏం చేస్తాడని అడిగితే, లేజర్ మిషన్ ఆపరేటర్ అని చెప్పుకోవాలి. మళ్లీ గ్యాస్ కట్టర్ పట్టకూడదు.

మిషన్ నడపడం మొదలుపెట్టాక వచ్చిన మొదటి శుక్రవారం, మధ్యాహ్నం కాగానే అతను మిషన్ ఆపి చేతులు కడుక్కోవడం మొదలుపెట్టాడు. సేటు గల్లాపెట్టె దగ్గరి నుంచే అరిచాడు.

"ఏంది, మిషన్ తెచ్చింది నిలబెట్టనీకా?"

"జుమ్మా కద సేటు. నమాజ్ చదువుకొని వస్త."

"నీ నమాజ్ ఎంతసేపో నాకెరుకే. ఎన్క బిర్యానీ ఉంటది, దాని ఎన్క పాన్ ఉంటది."

"పాన్ తినను సేటు. పండ్లు ఖరాబైతయి" అని అతను టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. సేటు నవ్వాడు. ఆయన మంచి రోజులవి.

నేను మాత్రం ఆ ఖాళీ చూసి లోపల సంబరపడ్డాను. కర్మాగారంలో ఒక మిషన్‌ని గంటసేపు మాకు వదిలిపెట్టమని ఉత్పత్తి విభాగం వాళ్ల కాళ్లావేళ్లా పడేవాళ్లం. ఇక్కడ అడగకుండానే ఒక పూట దొరికింది. క్యారియర్‌లో తెచ్చుకున్న అన్నం గబగబా తినేసి పనిలో దిగాను. కంప్రెసర్ కింద మూత తిప్పి పేరుకున్న నీళ్లు వదిలాను. గాలి ఫిల్టర్లు చూశాను. చల్లబరిచే పెట్టెలో నీళ్లు పరీక్షించాను. పట్టాల మీద పొడి తుడిచి గ్రీజు రాశాను. రక్షణ గాజు తీసి, దీపానికి అడ్డంగా పట్టి చూసి, తుడిచి పెట్టాను.

అతను తిరిగొచ్చాక ఇద్దరం కలిసి చివరి పని చేసేవాళ్లం. లేజర్ బయటికి వచ్చే మొన కింద చిన్న టేపు ముక్క అంటించి, ఒక్క చిటికెడు కిరణం వదులుతాం. టేపు మీద చుక్క పడుతుంది. చుక్క రంధ్రానికి సరిగ్గా నడుమ ఉంటే మిషన్ సిద్ధం. పక్కకు జరిగితే సరిచేయాలి. ఆ టేపు ముక్కను అతను వేలి చివర అంటించుకుని వెలుతురులో చూసి, నాకు చూపించి, "మాషా అల్లా, బొట్టు పెట్టినట్టున్నది చాచా" అనేవాడు.

నాలుగు శుక్రవారాలు గడిచేసరికి అది షెడ్డు ఆచారమైపోయింది. ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి, మిషన్ ఎందుకు ఆగిందని అడిగితే అతనే చెప్పేవాడు: "నాకు జుమ్మా, మిషన్‌కు జుమ్మా. నేను కడుక్కొని పోతున్న, దీన్ని చాచా కడుగుతడు." ఆ మాట షెడ్డులో అందరి నోటా పడింది. చివరికి సేటు కూడా ఫోన్లో గిరాకీలతో, "ఇయ్యాల మా మిషన్‌కు జుమ్మా, రేపు తీసుకపోండ్రి" అనేవాడు.

అలా ఏళ్లు గడిచాయి. మా తర్వాత మిషన్లు కొన్నవాళ్ల హెడ్లు కాలిపోయాయి, కొందరివి నెలల తరబడి మూలపడ్డాయి. మాది నడుస్తూనే ఉంది. కంపెనీ నుంచి వచ్చే సర్వీసు ఇంజనీరు ప్రతిసారీ హెడ్ విప్పి, మళ్లీ మూసి, మా సేటు తాగించిన చాయ్ తాగి వెళ్లిపోయేవాడు. అతనికి మా దగ్గర అంతకుమించి పని ఉండేది కాదు.

సేటుకు మోకాళ్లు పట్టేసి, కొడుకు వ్యాపారంలోకి వచ్చాడు. అతన్ని చిన్న సేటు అనేవాళ్లం. వ్యాపారం గురించి చదువుకున్నాడు, మర్యాదస్తుడు, పొద్దున్నే వచ్చేవాడు. మిషన్ ఎంతసేపు నడిచిందో ఫోన్లో గీతలుగా చూపించే ఏర్పాటు ఒకటి పెట్టించాడు. ఒకరోజు ఆ ఫోన్ నా ముందు పెట్టాడు.

"సార్, గీ గీత చూడుండ్రి. వారమంత పైకి పోతది. శుక్రవారం రాంగనే కింద పడుతది. ఏంది గిది?"

"అది మెయింటెనెన్స్ బాబూ."

"ఆదివారం చేసుకోరాదు?"

"ఆదివారం కూడా నడుపుతున్నారు కదా."

"పెండ్లిళ్ల సీజన్ కద సార్. సీజన్ అయిపోనీయుండ్రి."

"సీజన్ అయ్యేలోపు మిషన్ అయిపోతుంది."

అతను కోపం తెచ్చుకోలేదు. నవ్వాడు. "సార్, మీది సర్కారు ఫ్యాక్టరీ అలవాటు. గక్కడ మిషన్ ఆగినా మీ జీతం ఆగకపోవు. గిక్కడ మిషన్ ఆగితే నేను ఆగుత."

పెద్ద సేటు అక్కడే కుర్చీలో కూర్చుని వేలి ఉంగరం తిప్పుకుంటున్నాడు. ఆయన వైపు చూశాను. "నన్నేమడగకుండ్రి సార్. ఇప్పుడంత పిలగాడే చూస్తున్నడు" అన్నాడు. అప్పటి నుంచి ఆయన షెడ్డుకు రావడం కూడా తగ్గించాడు.

ఛత్రినాక నుంచి రెండో ఆపరేటర్ వచ్చాడు. అందరూ తమ్ముడు అని పిలిచేవారు. చెడ్డవాడు కాదు. పని నేర్చుకోవాలన్న తపన ఉంది, చెప్పింది వినేవాడు. అయితే అతను వినాల్సింది నా మాట కాదు. శుక్రవారం మధ్యాహ్నం దబీర్‌పురా అతను నమాజ్‌కు వెళితే తమ్ముడు మిషన్ మీద నిలబడేవాడు. మిషన్ ఆగేది కాదు. నేను నూనె డబ్బా, గుడ్డ పట్టుకుని పక్కన నిలబడేవాణ్ని.

అలా మిషన్ ఆగని మొదటి శుక్రవారం, నమాజ్ నుంచి వచ్చిన అతను టోపీ మడిచి జేబులో పెట్టుకుంటూ గుమ్మంలోనే ఆగిపోయాడు.

"చాచా, ఇయ్యాల దీనికి జుమ్మా లేదా?"

"లేదు బాబూ."

"అయితే కజా చేస్తమా?"

వేళకు చదవలేకపోయిన నమాజును తర్వాత చదివి తీర్చుకోవడాన్ని కజా అంటారు. రేపు చేద్దాం అన్నాను. రేపు ఆర్డరు ఉంది. ఎల్లుండి ఆదివారం, ఇంకా పెద్ద ఆర్డరు. ఆ తర్వాత అతను వారం వారం అడిగేవాడు, "ఎన్ని కజాలైనయి చాచా" అని. కొన్నాళ్లకు నవ్వుతూ అడగడం మానేశాడు. ఇంకొన్నాళ్లకు అడగడమే మానేశాడు.

నేను చిన్న సేటుకు చెప్పడం మానలేదు. నోటితో చెప్పాను, కాగితం మీద రాసిచ్చాను, మిషన్ పక్కనున్న బోర్డు మీద రాశాను. బోర్డు మీద రాసింది చెరిపేసి, ఎవరో ఒక గేటు కొలతలు రాసుకున్నారు.

ఎండలు ముదిరాయి. కోసిన అంచుల కింద గరుకు మిగలసాగింది. అంతకుముందు నెలల తరబడి వచ్చే రక్షణ గాజు వారానికే మచ్చలు పడుతోంది. చల్లబరిచే నీళ్లు పాచిరంగుకు తిరిగాయి. పెట్టె మీద అలారం మోగడం మొదలైంది. చిన్న సేటు ఎవరికో ఫోన్ చేశాడు. ఎంత వేడికి అలారం మోగాలన్నది మార్చుకోవచ్చని అవతలివాడు చెప్పాడు. చిన్న సేటు ఆ హద్దు పెంచేశాడు. అలారం ఆగిపోయింది.

"అయిపోయె కద సార్" అన్నాడు నాతో, పెద్ద సమస్య తీర్చినవాడిలా. "కటింగ్ అయితున్నదా లేదా?"

అవుతోంది. పాడయ్యేదాకా ప్రతి మిషనూ నడుస్తూనే ఉంటుంది. మెయింటెనెన్స్ వాడి మాటకు విలువ లేకుండా పోయేది అందుకే.

బోనాల ముందరి శుక్రవారం. ఒక గల్లీ కమిటీ వాళ్ల స్వాగత తోరణానికి పెద్ద పెద్ద రేకులు కోయాలి. అమ్మవారి కళ్లూ, వేపాకులూ, అక్షరాలూ. మిషన్ పొద్దుటి నుంచి ఊపిరి తీసుకోలేదు. మధ్యాహ్నానికి కొంచెం ముందు దబీర్‌పురా అతను మంట వైపు చూసి నన్ను పిలిచాడు.

"చాచా, మంట జూడుండ్రి. తెల్లగ కొడుతున్నది. గాజు వేడెక్కింది."

నిజమే. చిన్న సేటును పిలిచి, అరగంట ఆపమన్నాం. గాజు మార్చి, గాలి ఫిల్టరు చూస్తే చాలన్నాను. ఆయన రేకుల కట్ట వైపు చూశాడు, గుమ్మంలో నిలబడ్డ కమిటీ మనుషుల వైపు చూశాడు.

"మీరిద్దరు మిషన్ నడపనీకి వస్తరా, ఆపనీకి వస్తరా?"

"సేటు, జర ఇనుండ్రి. నేను ఇయ్యాల నమాజ్‌కు లేట్‌గ పోత. గాజు ఒక్కటి మార్చి పోత."

"వద్దొద్దు. నీ పని నువ్వు చూసుకో. తమ్ముడున్నడు, నడుపుతడు. నువ్వు పో."

అతను ఇంకా నిలబడే ఉన్నాడు. "పో అంటున్న కద" అన్నాడు చిన్న సేటు. అజాన్ వినిపిస్తోంది. అతను తమ్ముడి భుజం మీద చెయ్యేసి, "మంట తెల్లగైతే ఆపు. ఎవ్వరన్నా ఇనకు" అని చెప్పి వెళ్లాడు.

నేను కంప్రెసర్ దగ్గరికెళ్లి కింద మూత తిప్పాను. నీళ్లూ నూనే కలిసి బురదలా కారాయి. ఆ గాలే ఇన్నాళ్లూ గాజు మీదికి కొడుతోంది. మూత ఇంకా నా చేతిలో ఉండగానే మిషన్ వైపు నుంచి టప్ మని చిన్న చప్పుడు వచ్చింది. గ్లాసు కింద పడ్డంత చప్పుడు కూడా కాదు. తర్వాత కాలిన వాసన. నేను వెళ్లేసరికి తమ్ముడు ఎర్ర బటన్ నొక్కి, చెయ్యి దానిమీదే పెట్టి నిలబడిపోయి ఉన్నాడు.

"ఆపుత అన్న సార్. సేటు గీ ఒక్క రేకు కానియ్యి అన్నడు" అన్నాడు నాతో, మెల్లగా.

దబీర్‌పురా అతను తిరిగొచ్చేసరికి అందరూ మిషన్ చుట్టూ ఉన్నారు. తల మీద టోపీ తీయడం కూడా మరిచిపోయి, మొన దగ్గర వంగి వాసన చూశాడు. టేపు చుట్ట తీసుకుని సొరుగులో పెట్టేశాడు.

మర్నాడు సర్వీసు ఇంజనీరు వచ్చాడు. హెడ్ విప్పి టార్చి వేసి చూపించాడు. గాజు పగిలి, ముక్కలు లెన్సు మీద పడి, లోపలంతా నల్లగా మాడింది. కిరణాన్ని తెచ్చే కేబుల్ మొన కూడా కాలింది. ఎలా జరిగిందో నేను మొదటి నుంచీ చెప్పాను. ఆపిన శుక్రవారాలు, ఆపని శుక్రవారాలు, పెంచిన అలారం హద్దు. అతను ఓపిగ్గా విన్నాడు.

"మీరు చెప్పింది నిజం సార్. కానీ ఇదే రాస్తే వీళ్లకు బీమా రాదు" అన్నాడు.

చిన్న సేటు నన్ను గదిలోకి పిలిచి విడమరిచి చెప్పాడు. మెయింటెనెన్స్ చేయలేదంటే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది. ఆపరేటర్ పొరపాటు అంటే ఇస్తుంది. కాబట్టి ఒక ఆపరేటర్ పొరపాటు చేసి ఉండాలి. తమ్ముడు కమిటీ పెద్దాయన మేనల్లుడు. అతన్ని అంటే తోరణం ఆర్డరు పోతుంది, గల్లీలో లొల్లి అవుతుంది.

"పొద్దుగాల సెట్టింగ్ పెట్టింది ఎవరు? అతనే కద. తప్పు సెట్టింగ్ పెట్టి, మిషన్ ఇడిసిపెట్టి పోయిండు. మీరు మెయింటెనెన్స్ ఇన్‌చార్జి, గీ కాయిదం మీద మీరొక సంతకం పెడితే అయిపోతది."

"పొమ్మన్నది మీరు."

"నమాజ్‌కు పోతుంటే ఒద్దంటనా సార్, పాపం తగలదా?"

సంతకం పెట్టనన్నాను. ఆయన కాగితం వెనక్కి తీసుకుని, "మీరు పెద్దవారు, మీ ఇష్టం" అన్నాడు. ఎంతో మర్యాదగా అన్నాడు. అరగంటలో తమ్ముడితో పెట్టించాడు. తమ్ముడు తల ఎత్తకుండా పెట్టి, కిందికి చూస్తూ బయటికి వెళ్లాడు.

దబీర్‌పురా అతన్ని ఆ రోజే పంపేశారు. నేను కూడా నా క్యారియర్ తీసుకుని అతని వెనకే గేటు దాకా వచ్చాను. నేను సంతకం పెట్టలేదని, జరిగిందంతా ఇంజనీరుకు చెప్పానని చెప్పాను. మెచ్చుకుంటాడని కాదు కానీ, తెలియాలని అనుకున్నాను. అతను స్కూటర్ తాళం తిప్పి, ఆగి, నా వైపు చూశాడు.

"మంచిగ చెప్పిండ్రు చాచా. నిజం చెప్పిండ్రు. చెప్పి మీరు ఇంటికి పోతరు, పెన్షన్ వస్తది, అన్నం తింటరు. మిషన్ కాల్చినోడు అని నా పేరు పడ్డది. ఇగ ఏ షెడ్డోడు నన్ను మిషన్ మీద కూసోబెడ్తడు?"

స్కూటర్ వెళ్లిపోయింది. నేనూ ఆ షెడ్డుకు మళ్లీ వెళ్లలేదు. ఆ మాటలో అతనికి కోపం ఎవరి మీదో నేను చాలాకాలం ఆలోచించాను. ఎవరి మీదైనా కావచ్చు. వినడానికి అక్కడ ఉన్నది నేనొక్కణ్నే.

తెలిసిన షెడ్డులన్నిటికీ అతని కోసం ఫోన్ చేశాను. మంచి ఆపరేటర్ అన్నాను. అందరూ, "ఆ కాలిన మిషన్ ఆయనేనా" అన్నారు. వార్త నాకంటే ముందే వెళ్లింది.

అతన్ని మళ్లీ ఒక్కసారే చూశాను, దబీర్‌పురా స్టేషన్ బయట. చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు కొత్తగా కనిపించాయి. గ్యాస్ కట్టర్ మచ్చలు అవి, ఎక్కడున్నా గుర్తుపడతాను. నా మోకాళ్ల గురించి అడిగాడు, చాయ్ తాగుదాం అన్నాడు. ఊరవతల ఒక పెద్ద షెడ్డులో పనట, పాత ఇనుము కోసే పని.

"శుక్రవారం ఆపుతారా?" అన్నాను. ఎందుకడిగానో తెలియదు.

"గక్కడ పని ఆగది చాచా."

"మరి నువ్వు?"

"నేను గూడ ఆగ."

రైలు వచ్చిందని వెళ్లిపోయాడు. చాయ్ తాగడం అలాగే మిగిలిపోయింది.

మొన్నామధ్య మా వీధి చివరి హోటల్ దగ్గర చిన్న సేటు కనిపించాడు. కారు ఆపి దిగి నమస్కారం పెట్టాడు. బలవంతంగా కూర్చోబెట్టి చాయ్ చెప్పాడు. బీమా వచ్చిందట, కొత్త హెడ్ వచ్చిందట. కొత్త హెడ్ ఇచ్చేటప్పుడు కంపెనీవాళ్లు ఒక షరతు పెట్టారట, వారానికోసారి మిషన్ ఆపి సర్వీసు చేయించకపోతే పూచీ లేదని.

"అందుకే శుక్రవారం పెట్టుకున్నం సార్. ఎట్లాగు ఆ పూట మన దిక్కు బజారంత సల్లగుంటది. మిషన్‌కు జుమ్మా అంటం మేము. ఎవరు కొత్త మిషన్ కొన్నా గిదే చెప్తున్న, మా దగ్గర మిషన్‌కు జుమ్మా ఉంటది, మీరు గూడ పెట్టుకోండ్రి అని. మస్తు నచ్చుతది అందరికి."

ఆ మాట ఎవరిదో అతనికి గుర్తులేదు. నటించడం లేదు, నిజంగానే గుర్తులేదు. నేను చాయ్ మీది మీగడ తీసి సాసర్ అంచున పెట్టాను.

"మిషన్ మీద ఇప్పుడెవరున్నారు?"

"తమ్ముడు వేరే దిక్కు పోయిండు సార్. కొత్త పిలగాన్ని పెట్టిన. మంచోడు. శుక్రవారమని, గిదని ఎటు పోడు."

"మరి శుక్రవారం మిషన్ ఆగినప్పుడు ఏం చేస్తాడు?"

"ఏం చేస్తడు సార్, కంపెనీ మనిషి వచ్చి సర్వీస్ చేస్తడు. ఈడు ఫోన్ చూసుకుంట కూసుంటడు."

చాయ్ అయిపోయింది. ఆయన నా మోకాళ్ల గురించి కూడా అడిగాడు. మిషన్ ఇప్పుడు మస్తు నడుస్తోందని, ఇంకా చాలా ఏళ్లు వస్తుందని కంపెనీవాళ్లు అన్నారని చెప్పి కారెక్కాడు. వాళ్లు అన్నది నిజమే. వారానికో పూట ఆగే మిషన్ చాలా ఏళ్లు వస్తుంది. ఇంటికొచ్చి ఆ రోజు డైరీలో ఒక్క వాక్యమే రాశాను. మిషన్ బాగుంది అని.